నూట పద్దెనిమిదో రీలు

జగన్నాథరావు పొద్దున్న ఆరుంబావుకల్లా రేడియో ముందు కూర్చోవాల్సిందే. జ్వరమొచ్చినా జలుబు చేసినా అంతే. అరకు అవతలి కొండ మీద, విద్యా వనరుల కేంద్రం అని బోర్డున్న పెంకుటింట్లో చివరి గది ఆయనది. రికార్డరు మీద ఖాళీ రీలు ఎక్కించి, పక్కన టీ గ్లాసు పెట్టుకుని, రేడియో పాఠాలు, రైతుల కార్యక్రమం, కొండభాషల పాటలు, వార్తలు అన్నీ పట్టేవాడు. మధ్యాహ్నం టీవీలో వచ్చే సైన్సు పాఠానికి వేరే క్యాసెట్టు. వాటిలో దాచదగ్గదాన్ని మాత్రం డబ్బాలో పెట్టి, నంబరేసి, రిజిస్టర్లో రాసేవాడు. పార్వతీపురంలో ఉన్న భార్యకి ఉత్తరం రాయడం మర్చిపోయేవాడు గానీ, రిజిస్టరు మర్చిపోయేవాడు కాదు.

ఆశ్రమ పాఠశాలల మాస్టర్లు పిల్లల్ని వరసగా నడిపించుకొచ్చి హాల్లో కూర్చోబెట్టి ఆ పాఠాలు వినిపించేవారు. ఏ నంబరు వేస్తారో ముందే కనుక్కుని, గొడుగులు తేవాలో అక్కర్లేదో చూసుకునేవారు. ఎందుకంటే ఏ రీలు తిప్పితే, అది రికార్డయిన రోజు వాన గానీ ఎండ గానీ మంచు గానీ ఆ చుట్టుపక్కల కొండల మీదికొచ్చేది. జులైలో సామలు ఎండిపోతుంటే రైతులొచ్చి, "బాబూ, ఒక వానపాఠం ఎయ్యండి" అనేవారు. జగన్నాథరావు రిజిస్టరు తిరగేసి, జల్లు రోజున పట్టిన తెలుగు వాచకం ఒకటి వేసేవాడు. సంధులూ సమాసాలూ వింటూ చేలు తడిసేవి. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు.

నూట పద్దెనిమిదో రీలు జోలికి మాత్రం ఎవరూ పోయేవారు కాదు. తొంభై ఏడు అక్టోబరులో తుపాను పొద్దున పట్టిన రీలది. తలుపుకి బల్ల అడ్డం పెట్టి మరీ జగన్నాథరావు లెక్కల పాఠం రికార్డు చేశాడు. ఆ గంటలోనే కిందనున్న పనసగుడ ఊరి మీదికి కొండచరియ జారింది. జనం అప్పటికే బడిలోకి చేరిపోయారు. యర్రమ్మ ఒక్కర్తే, ఐదేళ్ల కూతురు బేబిని ఇంట్లో పడుకోబెట్టి, మేకల్ని విప్పడానికి ఊరి చివరి దొడ్డికెళ్లింది. తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు. నాలుగు రోజులు తవ్వారు. ఆవిడ గుంట, ఆ చిన్నపిల్ల, దొరకలేదు. మొగుడు అంతకు ముందే పోయాడు. పాతికేళ్ల మనిషికి ఆ చలికాలంలోనే తలంతా తెల్లబడిపోయింది. కూతుర్ని కింద వదిలేసి ఎక్కడికీ పోనని, ఆ మట్టి మీదే గుడిసె వేసుకుంది. కేంద్రంలో ఊడ్చే పని చేసుకుంటూ ఉండిపోయింది. చరియలో సగమే జారింది. మిగతా సగం, చెయ్యి దూరేంత బీటతో, ఇరవై ఇళ్ల నెత్తి మీద అలాగే నిలబడి ఉంది.

ఏటా మార్చిలో రీళ్లన్నీ వేసి చూసి, బాగున్నదీ లేనిదీ రిజిస్టర్లో రాయాలి. నూట పద్దెనిమిది డబ్బా మూత కూడా తియ్యకుండా, "బాగుంది" అని రాసి సంతకం పెట్టేవాడు జగన్నాథరావు. ఏడేళ్లు అలాగే రాశాడు.

రెండువేల నాలుగులో పైనుంచి ఆర్డరొచ్చింది. రీళ్లన్నీ సీడీల్లోకి ఎక్కించాలి, ఒక్క నంబరు తప్పకూడదు, ఎక్కించాక రీళ్లు తగలబెట్టెయ్యాలి. కంప్యూటరు పట్టుకుని రవికుమార్ అనే ఇంజినీరు దిగాడు. ఎక్కించాలంటే ప్రతి రీలూ మొదట్నుంచి చివరిదాకా తిరగాలి. మూడు వారాలు కొండ మీద ఒకే రోజులో మూడు కాలాలు నడిచాయి. పొద్దున్న మంచు, పదింటికి వడగాలి, భోజనాలవేళకి జల్లు. కోళ్లకి మతి పోయింది. సీడీల్లో మాత్రం పాఠం వినబడేది గానీ చినుకు రాలేది కాదు. రవికుమార్ దాన్ని నాణ్యత అన్నాడు.

నంబర్లు తొంభై దాటేసరికి పనసగుడలో అందరికీ అన్నం సయించడం మానేసింది. జగన్నాథరావు కూడా టీ తాగలేకపోయాడు.

"నూట పద్దెనిమిది పాడైపోయిందని రాసుకోండి సార్" అన్నాడు నెమ్మదిగా.

"మార్చిలో బాగుందని మీరే రాశారు కదండీ" అన్నాడు రవికుమార్. చెడ్డవాడేం కాదు, ఆయన గొంతులోనూ భయముంది. "ఇప్పుడు పాడైందంటే ఎంక్వయిరీ వేస్తారు. డబ్బా పట్టుకెళ్లి ఏ ఆఫీసులోనో వేసి చూస్తారు. ఎక్కడ వేసినా వాన ఈ కొండల మీదికే వస్తుంది. వేసేవాళ్లకి పనసగుడ అనే ఊరుందని కూడా తెలీదు. మనం చూస్తుండగా అయితే ఊరినైనా ఖాళీ చేయించొచ్చు."

తన చేత్తో రాసిన ఒక్క మాట ఇరవై ఇళ్ల మీదికి ముప్పు తెచ్చిందని జగన్నాథరావుకప్పుడు అర్థమైంది. ఆ పరధ్యానంలోనే మర్నాడు తప్పు చేశాడు.

రికార్డయిన రీలుని వెనక్కి చుట్టకుండా అలాగే డబ్బాలో పెట్టడం ఆ గది పద్ధతి. మళ్లీ వినేముందు వెనక్కి చుట్టుకోవాలి. పదేళ్ల అలవాటున్న మనిషి ఆ రోజు చుట్టడం మరిచి, నూటమూడో రీలుని చివరనుంచి ఎక్కించేశాడు. మాటలు వెనకనుంచి ముందుకి, ఎవరో నీళ్లలో గొణిగినట్టు వచ్చాయి. బయట తడి నేల మీంచి చినుకులు లేచి మబ్బుల్లోకి పోయాయి. ఆ రీలు రోజున, తొంభై ఆరులో, వడగళ్లకి పగిలిన వంటగది పెంకులు చక్కగా అతుక్కున్నాయి.

"పర్లేదండి, ఉల్టాగా ఎక్కినా కంప్యూటర్లో తిప్పేస్తాను" అన్నాడు రవికుమార్. అని, కిటికీలోంచి పెంకుల కేసి చూసి మాట ఆపేశాడు.

సాయంత్రం జగన్నాథరావు యర్రమ్మని పిలిచి చెప్పాడు. "మధ్యవి పక్కన పెట్టి, రేపు నూట పద్దెనిమిదిని కూడా చివర్నుంచే వేస్తాం. వాన పడదు, పైకి పోద్ది. చరియ జారదు."

యర్రమ్మ చీపురు కింద పెట్టలేదు. "నీరు పైకెల్తే మట్టో బాబూ?"

"మట్టీ పైకే పోద్దేమో."

"నా గుడిసె ఆ మట్టి మీదే ఉంది కదా."

"గుడిసె ఇంకోటి కట్టిద్దాం యర్రమ్మా."

"గుడిసె గురించి కాదు బాబూ." "ఏడేళ్ల నుండి నా గుంట అందులోన ఉంది. మట్టి లేసిపోతే ఆ ఎముకలు నాను సూడాల. ఎలగ సూసీది? మీరే సెప్పండి."

అతుక్కున్న పెంకులు ఇద్దరూ చూశారు. పెంకంటే పెంకు. మనిషి సంగతి ఎత్తడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. చివరికి యర్రమ్మే, "ఊరు బతకాల కదా, ఎయ్యండి" అంది.

మర్నాడు తొమ్మిదింటికి పనసగుడ జనం కోళ్లతో, కుండలతో, పసిపిల్లలతో బడిలోకి చేరారు. ఎంత చెప్పినా యర్రమ్మ వెళ్లలేదు. గుడిసెలో సామాన్లు బయట పడేసి, ఎదురుగా ఉన్న బండ మీద కూర్చుంది. పైన గదిలో జగన్నాథరావు రీలు ఎక్కించాడు. చివరి కొస పట్టుకున్నానో మొదటి కొస పట్టుకున్నానో అని మూడుసార్లు చూసుకున్నాడు. మీట నొక్కాక కళ్లు మూసుకున్నాడు.

మొదట గాలి ఆగిపోయింది. తర్వాత యర్రమ్మ కాళ్ల దగ్గర నేల చెమ్మగిల్లి, చుక్కలు చుక్కలుగా నీళ్లు పైకి లేచాయి. చూస్తుండగానే అవి ధారలయ్యాయి. ఏడేళ్ల కిందట విన్న మోత మళ్లీ వినబడింది. ఈసారి మోత ముందు కాళ్ల కింద పుట్టి, కొండ మీదికి పోయింది. గుడిసె ఒరిగి కూలిపోయింది. మట్టి, బండలు, విరిగిన పనసచెట్లు ఒకదాని వెనక ఒకటి కొండెక్కి, ఎక్కడివక్కడ కూర్చున్నాయి. పైన బీట మూసుకుంది. యర్రమ్మ ముఖం కొంగులో దాచేసుకుంది. చూడకూడదనుకుంది. చూడకుండా ఉండలేకపోయింది.

కొంగు తీసేసరికి పాత ఇల్లుంది. ఎర్రమట్టి అలికిన గోడ, వంగి దూరాల్సిన గుమ్మం. లోపల చీకటి. ఆమె లేచింది గానీ అడుగు పడలేదు. ఆ చీకట్లో ఎముకలుంటాయని భయపడింది. అంతలో లోపల ఎవరో దగ్గారు.

గుమ్మంలోకి ఐదేళ్ల బేబి కళ్లు నులుముకుంటూ వచ్చింది. చెంప మీద చాప అచ్చులున్నాయి. బయట నిలబడ్డ తెల్లజుట్టు మనిషిని చూసి బెదిరిపోయి, రెండు చేతులతో గుమ్మం పట్టుకుంది.

"మాయమ్మేది?" అంది.

నేనేనని చెప్తే గుంట నమ్మదు. ఏడుస్తుంది, లోపలికి పారిపోతుంది. ఆ చీకట్లోకి మళ్లీ పోనివ్వకూడదు. అదొక్కటే ఆమెకి తెలిసింది. గుంట ఎత్తుకి సరిగ్గా కింద కూర్చుంది.

"మేకల కాడికెల్లింది. వాన తగ్గినాక వస్తాది" అంది. "అందాకా నా కాడుండు."

గుంట ఆ గొంతు విన్నది. తల పైకెత్తి ఆకాశం చూసింది. మళ్లీ ఆమె ముఖం కేసి చాలాసేపు చూసింది.

"తగ్గిపోనాది కదా" అంటూ గుమ్మం వదిలి ఒక అడుగు బయటికేసింది.