ఎర్రచొక్కా ఏడో భాగం

ఆ ఇంట్లో బల్బు మాడిపోతే నిచ్చెన ఎక్కాల్సింది ఇల్లాలే. మేస్త్రి కింద నిలబడి నిచ్చెన పట్టుకుని, "కుడివైపు తిప్పు, అటు కాదు, కుడివైపు" అంటూ సలహాలు మాత్రం బోలెడు ఇచ్చేవాడు. నలభై ఏళ్ళు వడ్రంగం చేసి, ఊళ్ళో సగం ఇళ్ళకి నిచ్చెనలు చేసిచ్చిన మనిషి మొదటి మెట్టు మీద కాలు పెట్టలేడు. మోకాళ్ళ నొప్పులేమీ లేవు. నిచ్చెన ఎక్కడాన్ని ఎర్రచొక్కా గేమ్ మూడో భాగానికి ఇచ్చేశాడు, అంతే. బస్సు కదిలిపోతుంటే వెంటపడేది కూడా ఆవిడే, ఎందుకంటే మేస్త్రి పరుగు మొదటి భాగంలోనే పోయింది. వీధిలో అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ వింతగా చూసేవారు కాదు. బస్సు డ్రైవర్లయితే అద్దంలో ఆయన్ని చూడగానే ఆపేసేవాళ్ళు. "నెమ్మదిగా రండి మేస్త్రి గారూ, తొందరేం లేదు" అనేవాళ్ళు.

ఇదంతా మొదలైంది కుర్చీల దగ్గర. రెండు గదుల మేడ మీద నలుగురైదుగురు కలిసి వీడియో గేములు తయారుచేసే ఆఫీసు ఒకటి ఉండేది. వాళ్ళు రోజంతా కుర్చీల్లో కూర్చుని వెనక్కి ఊగేవాళ్ళు, వాటి కాళ్ళు విరిగేవి, మేస్త్రిని పిలిచేవాళ్ళు. ఒకరోజు ఊడిన కుర్చీ చక్రం ఒకటి వరండాలో దొర్లుకుంటూ పోతుంటే ఆయన దాని వెనకాల పరిగెత్తాడు. బొమ్మలు గీసే అమ్మాయి తలుపు దగ్గర నిలబడి చూసింది.

"అన్నయ్యా, ఇంకొక్కసారి పరిగెత్తవా?"

పరిగెత్తాడు. ఆ అమ్మాయి పన్నెండు బొమ్మలు గీసింది. వాటిని ఒకదాని వెంట ఒకటి తిప్పితే టీవీలో వేలెడంత మనిషి పరిగెత్తాడు. ఆ రోజుల్లో మెషీన్లో ఎనిమిది రంగులకి మించి పట్టేవి కావు. మిగిలినవన్నీ చెట్లకీ గోడలకీ అయిపోగా ఇతని చొక్కాకి ఎరుపు దక్కింది. అలా ఎర్రచొక్కా పుట్టాడు. ఎడమ నుంచి కుడికి పోవడమే తప్ప వెనక్కి తిరగడం అతనికి తెలీదు. దారిలో దొంగలొస్తే గుద్దుకుని పడిపోవడమే. అయినా ఊరూరా పిల్లలు అన్నం మానేసి మరీ ఆడారు.

మర్నాడు మేస్త్రి బస్సు కోసం పరిగెత్తబోతే కాళ్ళు నడకని దాటలేదు. సాయంత్రం ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు.

"ఇంట్లో ఒక్క మాటైనా చెప్పకుండా ఇచ్చేసి వస్తారా?" అందావిడ.

"అడిగింది కదే, పాపం."

"అడిగితే ఇచ్చేయడమేనా? రేపు ఇంకోటి అడుగుతారు."

అడిగారు. రెండో భాగం వచ్చేసరికి ఎర్రచొక్కా వెనక్కి తిరగడం నేర్చుకున్నాడు, గోడలు దూకాడు, పిడికిలి బిగించి కొట్టాడు. దూకుడూ గుద్దూ రెండూ మేస్త్రివే. ఆ తరవాత ఆయన మురికి కాలవ దాటాలన్నా చుట్టూ తిరిగి వచ్చేవాడు. చేతిమీద దోమ వాలితే కొట్టలేక నోటితో ఊదేవాడు. సుత్తిదెబ్బని మాత్రం ఎవరూ అడగలేదు, కాబట్టి పొయ్యి వెలిగింది.

మూడో భాగానికి ఆఫీసు పెద్ద భవనంలోకి మారింది. అప్పటిదాకా కాగితంలా పలచగా ఉన్న ఎర్రచొక్కాకి ముందూ వెనకా వచ్చాయి, చుట్టూ తిరిగి చూడొచ్చు. ఇప్పుడు బొమ్మలు గీయక్కర్లేదు. మేస్త్రికి నల్లటి బిగుతు బట్టలు తొడిగి, ఒంటినిండా గోళీల్లాంటివి అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టారు. ఆయన నిచ్చెన ఎక్కుతుంటే కంప్యూటర్లో ఎర్రచొక్కా కోట ఎక్కాడు. కెమెరా ముందు ఏదైనా ఒక్కసారే. "ఇంకోసారి చేద్దాం" అనే మాట ఆ గదిలో ఉండేది కాదు. ఒకసారి పట్టిందంటే మేస్త్రి దగ్గర ఇంక అది మిగిలేది కాదు. అందుకని ఆయన పని ఉన్నరోజు ఆఫీసంతా దగ్గు కూడా ఆపుకుని కూర్చునేది.

నాలుగో భాగంలో మాత్రం పొరపాటు జరిగింది. టీ తాగడానికి అందరూ బయటికెళ్తూ కెమెరాలు కట్టేయడం మరిచిపోయారు. మేస్త్రి ఆ బట్టల్లోనే ఓ మూల కూర్చుని, ఒళ్ళు విరుచుకుని, పది వేళ్ళూ ఒక్కొక్కటిగా విరిచి, మెడ తడుముకున్నాడు. అది కాస్తా పట్టేసింది. బొమ్మలమ్మాయి ఏడ్చినంత పని చేసింది. ఏం చేయాలో తోచక దాన్ని కూడా గేమ్‌లో పెట్టారు. ఆడేవాళ్ళు ఏ మీటా నొక్కకుండా ఊరుకుంటే ఎర్రచొక్కా నిలబడి ఒళ్ళు విరుచుకుంటాడు, వేళ్ళు విరుస్తాడు, మెడ తడుముకుంటాడు.

పెళ్ళైన నాటి నుంచీ ఆ వేళ్ళు విరిచే చప్పుడంటే మేస్త్రి భార్యకి ఒళ్ళు మంట. పొద్దున్నే మంచం మీద పటపటమనిపిస్తుంటే "పాడు అలవాటు, మానండి" అని ఎన్నిసార్లు తిట్టిందో. మానేశాడు. వారం తిరక్కుండానే ఆవిడ కూతుర్ని పిలిచి టీవీలో ఆ గేమ్ పెట్టించుకుంది. ఆవిడకి ఆడటం రాదు, నేర్చుకోవాలనీ లేదు. జాయ్‌స్టిక్‌ని ఓ పక్కన పడేసి కూరగాయలు తరుక్కునేది. దొంగలు దూరంగా ఎక్కడో కాచుకుని ఉండేవాళ్ళు. ఎర్రచొక్కా ఎండలో నిలబడి పటపటా వేళ్ళు విరుచుకునేవాడు.

"అంత ముద్దైతే నన్నెందుకు తిట్టావు?" అనేవాడు మేస్త్రి.

"అప్పుడు మీ దగ్గర ఉంది కాబట్టి తిట్టాను."

ఆయనకి మాత్రం బాధ ఉండేది కాదు. నిజానికి కాస్త గర్వంగానే ఉండేది. "ఒంట్లో ఉంచుకుంటే ముసలిదైపోతుందే. అందులో చూడు, నా ముప్పయ్యో ఏటి పరుగు, ఒక్క ఆయాసం లేదు" అనేవాడు. ఆవిడ ఒప్పుకునేది కాదు. అది అందులో పదిలంగా ఉంటే ఉండొచ్చు గానీ తన ఇంట్లో లేదన్నది ఆవిడ బాధ.

ఐదో భాగంలో గోడలన్నీ తీసేసి ఊరంతా తెరిచేశారు. కొట్లాడక్కర్లేదు, ఊరికే వీధులు పట్టుకుని తిరగొచ్చు. ఆ తిరుగుడుకి మేస్త్రి ఈల ఇచ్చాడు. ఆరో భాగానికి ఎర్రచొక్కా జుట్టు నెరిసింది, చొక్కా రంగు వెలిసింది, ఓ చిన్న కూతురు కూడా వచ్చింది. చిన్నప్పుడు మొదటి భాగం ఆడిన పిల్లలకి పిల్లలు పుట్టారు మరి. నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని మంచం మీద పడుకోబెట్టాలి. మేస్త్రి ఇసక సంచీ ఎత్తుకుని చూపించాడు, పట్టలేదు. దిండు ఎత్తాడు, పట్టలేదు. ఉత్తుత్తి పనులు ఆ కెమెరాలకి ఎక్కేవి కావు. చివరికి ఐదేళ్ళ మనవరాలు నిజంగా నిద్రపోయేదాకా ఆగి ఎత్తుకున్నాడు. వెంటనే పట్టింది.

ఆ తరవాత మనవరాలు వచ్చి చేతులు చాపితే ఆయన కింద కూర్చునేవాడు. పిల్లే ఒళ్ళోకి ఎక్కేది. ఆ ఒక్కటి ఇచ్చినందుకు మాత్రం ఆయన చాలా రోజులు కుమిలాడు. భార్య ఆ విషయంలో ఒక్క మాటా అనలేదు.

ఇంకో రెండేళ్ళకి గుండె మొరాయించింది. డాక్టరు పరీక్షలన్నీ చూసి మొగుడూ పెళ్ళాం ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "గుండె బాగా అరిగిపోయింది. ఆపరేషన్ తట్టుకోలేరు. ఈ చలికాలం దాటితే గొప్పే" అన్నాడు. మేస్త్రి తలూపి, ఆ గదిలో బల్ల సొరుగు సరిగ్గా మూసుకోవడం లేదని చెప్పి వచ్చాడు. ఆవిడ ఇంటికొచ్చి ఆయన చొక్కాలన్నీ ఉతికి ఆరేసింది, ఉతికినవి కూడా మళ్ళీ ఉతికింది.

ఆ నెలలోనే బొమ్మలమ్మాయి వచ్చింది. పేరుకి అమ్మాయే గానీ ఆమెకీ జుట్టు తెల్లబడింది. కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఏడో భాగం తీస్తున్నాం వదినా. ఇదే ఆఖరు. చివర్లో ఎర్రచొక్కా చనిపోతాడు. అన్నయ్యకి ఒంట్లో బాగాలేదని తెలుసు. దానికి వేరేవాళ్ళని పెట్టుకుంటాం, ఆ మాట చెప్పిపోదామనే వచ్చాను."

"వేరేవాళ్ళెందుకు? ఆయనే వస్తారు" అందావిడ.

వంటింట్లోంచి కూతురు విసురుగా వచ్చింది. "అమ్మా, నీకు మతిగానీ పోయిందా? ఇప్పుడు నాన్న చేత చావు నటింపజేస్తావా?"

"ఇన్నేళ్ళలో మీ నాన్న వాళ్ళకి ఇచ్చింది ఏదైనా మళ్ళీ ఆయనకి వచ్చిందా?"

బొమ్మలమ్మాయి చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది. ప్రతి భాగానికీ అడ్డం పడిన మనిషి ఈసారి తనే తీసుకొస్తానంటోంది ఎందుకో కూతురికీ ఆమెకీ అప్పుడర్థమైంది.

"నన్నెవరూ అడగరా?" అన్నాడు మేస్త్రి.

"మిమ్మల్ని అడిగితే ఎప్పుడు కాదన్నారు గనక?" అంది భార్య.

ఆ రోజు కూతురు చూడలేనని ఇంట్లోనే ఉండిపోయింది. పరుపు పరిచి, మేస్త్రికి నల్ల బట్టలు తొడిగారు. ఇదివరకు బిగుతుగా ఉండేవి ఇప్పుడు వేలాడాయి. ఆయన గుండె పట్టుకుని వాలాడు, పట్టలేదు. దగ్గి, కళ్ళు తేలేసి పడ్డాడు, పట్టలేదు. నటన ఆయనకి ఎప్పుడూ రాదు. మూడోసారి నాలుక బయటపెట్టి చచ్చేసరికి కంప్యూటర్ల దగ్గరి కుర్రాళ్ళు ఆపుకోలేక నవ్వేశారు. ఆయన కూడా నవ్వి, "ఉండండి, కాస్త ఆయాసంగా ఉంది" అంటూ పరుపు మీద కూర్చున్నాడు.

కూర్చున్నవాడు చెయ్యి నేలకి ఆనించుకున్నాడు. మొహంలో రంగు మారింది. ఏదో చెప్పబోయి చెప్పలేక, పక్కకి మెల్లగా ఒరిగాడు.

"ఆపండి, కెమెరాలు ఆపండి, డాక్టర్ని పిలవండి" అంటూ బొమ్మలమ్మాయి పరిగెత్తబోయింది. మేస్త్రి భార్య ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపకండి."

"వదినా, అది నిజం."

"తెలుసు. ఆపకండి."

ఎవరూ కదల్లేదు. ఆవిడ అంతగా తన జీవితంలో ఎప్పుడూ భయపడలేదు. తన లెక్క తప్పైతే, కట్టుకున్నవాణ్ణి తన చేతులతో చంపుకున్నట్టే. పరుపు మీద మేస్త్రి ఒక శ్వాస తీసుకున్నాడు, చాలాసేపటికి ఇంకొకటి. కంప్యూటర్లో ఎర్రచొక్కా ఓ గోడవారగా పడుకుని అవే శ్వాసలు తీస్తున్నాడు. మూడోది రాలేదు. కంప్యూటర్ దగ్గరి కుర్రాడు చెంపలు తుడుచుకుంటూ, వినీ వినపడనట్టు, "పట్టింది" అన్నాడు.

అందరూ పరుపు వైపు చూశారు. కాసేపటికి మేస్త్రి కళ్ళు తెరిచాడు.

"అయిపోయిందా? ఎలా వచ్చింది?"

"బాగా వచ్చిందండీ" అందావిడ. అని, పరుపు పక్కన కూలబడి ఏడ్చింది.

డాక్టరుకి మాత్రం పాలుపోలేదు. "గుండె అలాగే ఉంది, ఇంకా పాడైంది కూడా. ఇలాంటి గుండెతో మనిషి ఉండకూడదు" అన్నాడు. "ఉన్నాను కదా" అన్నాడు మేస్త్రి. ఆ చలికాలం దాటింది. ఏడో భాగం వచ్చింది, నడివయసు మనుషులు తలుపులేసుకుని ఏడ్చారు, బోలెడు ఉత్తరాలు రాశారు. ఆ తరవాత ఇంకో చలికాలం దాటింది, ఇంకో నాలుగు దాటాయి. ఆయన పొద్దున్నే లేచి, చిన్న చిన్న పీటలు చేస్తూ, ఎవరైనా పలకరిస్తే పని ఆపి కబుర్లు చెబుతూ ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడ బజారు నుంచి వచ్చి, సంచీ కింద పెట్టి, గుమ్మంలోనే కూర్చుండిపోయింది. చాలాసేపు రొప్పింది. రక్తపోటుకి డాక్టరు రాసిచ్చిన మాత్రలు నెల నుంచీ అటక మీద అలాగే ఉన్నాయి. వేసుకోమంటే రేపంటుంది. మేస్త్రి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఒక మాట అడుగుతాను. ఆ రోజు నన్నక్కడికి తీసుకెళ్ళావు చూడు. నువ్వు పోయాక నా సంగతేమిటని ఆలోచించావా?"

ఆవిడ అబద్ధం చెప్పలేదు. "లేదండీ. మీరు పోతే నా గతేమిటని ఆలోచించాను. అంతవరకే తోచింది."

ఆయన తలూపాడు. వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్తూ పలకరిస్తే చెయ్యెత్తాడు.

"బొమ్మలమ్మాయిని అడిగాను. ఎనిమిదో భాగం ఏమైనా ఉందేమో, నేనొస్తానని" అందావిడ. "ఇంక తీయరట."

ఆయన లేచి లోపలికెళ్ళాడు. కూతుర్ని కేకేసి అటక మీంచి మాత్రలు దింపించాడు. ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో నీళ్ళ గ్లాసు పట్టుకుని వచ్చి మళ్ళీ పక్కన కూర్చున్నాడు.

"సరే, జరిగిందేదో జరిగింది. నువ్వు మాత్రం తొందరపడకు."

"అది నా చేతిలో ఉందా?"

"లేదు. అయినా సరే."

ఆవిడ మాత్ర అందుకుని వేసుకుంది.