ఈయన మైపాడు వాసి

మా పీయూసీ తెలుగు వాచకంలో పద్దెనిమిది పాఠాలు, పద్దెనిమిది మంది మగ మహానుభావులు. స్త్రీ విద్య గురించి ఒకాయన, స్త్రీ శీలం గురించి ఇంకొకాయన, తల్లి ప్రేమ గురించి మరొకాయన. మా గురించి మేం తప్ప అందరూ రాశారు. నెల్లూరు ఆడపిల్లల కాలేజీలో ఏటా ఆ పుస్తకం చెప్పడం నా ఉద్యోగం. చెప్పీ చెప్పీ నాకు విసుగెత్తిపోయింది.

1964లో విశ్వవిద్యాలయం వాళ్ళు పుస్తకం మార్చారు. కొత్త వాచకం తిరగేస్తుంటే ఒకచోట 'ఒడ్డున వల - కె. సమాధానం' అని కనిపించింది. సమాధానం మా పెద్దమ్మ కూతురు. మైపాడు మిషన్ బడిలో పంతులమ్మ. వేటకు పోయిన పడవల కోసం ఒడ్డున కాచుకుని కూర్చునే మనుషుల గురించి ఆమె రాసిన వ్యాసం ఒక పత్రికలో పడింది. దాన్నే తీసుకున్నారు. సంతోషం పట్టలేక స్టాఫ్ రూములో అందరికీ చూపించబోయి, కిందనున్న పరిచయం చదివాను.

'శ్రీ సమాధానం గారు నెల్లూరు జిల్లా మైపాడు వాసి. ఈయన శైలి పురుషోచితమైన గాంభీర్యము గలది.'

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సమాధానం అనే పేరు మా క్రైస్తవుల్లో ఆడవాళ్ళకూ పెడతారు, మగవాళ్ళకూ పెడతారు. పాఠాలు ఎంచిన పెద్దలు మాలో ఎవరినైనా ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగాలని వాళ్ళకు తోచలేదు. ఇంత బాగా రాసినవాడు మగవాడు కాక మరేమవుతాడు!

ఆదివారం బస్సెక్కి మైపాడు వెళ్ళాను. అక్క ఇంటిముందు ఇసుకలో చేపలు ఎండబెట్టి, కాకుల్ని తోలుతూ కూర్చుని ఉంది. పుస్తకం చేతికిచ్చాను. పైటతో చేయి తుడుచుకుని, పాఠమంతా మెల్లగా చదివింది. పరిచయం దగ్గర ఆగింది.

"పోనీలే మే, దిద్దిస్తే పోయె గదా. నువ్వు ఈ పుస్తకం వేయించిన పెద్దాయన్ని కలువు. నాకేం పేరొద్దు, సన్మానాలొద్దు. నా బిడ్డ క్లాసులో లేచి, ఇది మా అమ్మ రాసింది అని చెప్పుకోవాల. అంతే నా ఆశ."

ఆ బిడ్డ సామ్రాజ్యం. ఆ ఏడే మా కాలేజీలో పీయూసీలో చేరింది.

నేను పాఠ్యసంఘం అధ్యక్షుడి ఇంటికి వెళ్ళాను. మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, కాఫీ ఇప్పించాడు. నేను చెప్పిందంతా విని, చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"పొరపాటే అమ్మా. కానీ ఇప్పుడు ఆడామె రాసిందంటే సంఘంలో మళ్ళీ పెట్టాలి. పెడితే వాళ్ళేమంటారో నాకు తెలుసు. సముద్రం గురించి మగవాడు చెబితే అనుభవం, ఆడామె చెబితే ఇంటి ముచ్చట. తీసేస్తారు. ఉన్నదాన్ని ఉండనివ్వండి. ఎవరు రాస్తే ఏం, పిల్లలు చదువుతున్నారు కదా!"

ఆయన చెడ్డవాడైనా బాగుండేది. నాలుగు తిట్టి వచ్చేదాన్ని. నిజంగానే మాకు మేలు చేస్తున్నాననుకుని మాట్లాడాడు. ఆ కాఫీ తాగి వచ్చినందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

మళ్ళీ మైపాడు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క కాకుల్ని తోలడం కూడా మానేసింది.

"నేనుండాలంటే పాఠం పోవాల. పాఠముండాలంటే నేను పోవాల. అంతేనా జయశీలా?"

"అంతే అక్కా."

"అయితే పాఠమే ఉండనీ. ఒడ్డున కూర్చున్న ఆ మనుషుల గురించైనా చదువుతారు. నాదేముంది, నన్నెవరు చూడొచ్చినారు!" అని లేచి లోపలికి పోయింది. అన్నం తినిపొమ్మని కూడా అనలేదు. మా అక్క ఇంట్లో అలా ఎన్నడూ జరగలేదు.

నాకు మాత్రం మనసొప్పలేదు. పాఠం చెప్పేరోజు, ఇది రాసింది ఒక స్త్రీ అని క్లాసులో చెప్పేశాను. సామ్రాజ్యం తల వంచుకుంది. మిగతా పిల్లలు నా వైపు వింతగా చూశారు. ముందు బెంచీలోని షాహిదాబీ లేచింది. బుద్ధిమంతురాలు, పుస్తకంలో అక్షరం పొల్లు పోనివ్వదు.

"మరి పరీక్షలో ఏం రాయాల మేడం? పేపర్లు దిద్దేవాళ్ళకు ఆ సంగతి తెలుసునా?"

తెలియదు. పేపర్లు ఎక్కడో ఎవరో దిద్దుతారు. వాళ్ళ ముందు ఉండేది ఈ పుస్తకమే.

"పుస్తకంలో ఉన్నట్టే రాయండి" అన్నాను. ఆ గంటలో నేను చెప్పిన పాఠం అదొక్కటే అనిపించింది.

వార్షిక పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. 'ఒడ్డున వల రచయితను గూర్చి వ్రాయుము.' పరీక్ష అయ్యాక సామ్రాజ్యం నా కోసం వరండాలో నిలబడి ఉంది. చూపుడువేలికి సిరా మరక. పాస్ అయితే ఆ పిల్లకు మిషన్ వాళ్ళు టీచర్ ట్రైనింగ్‌లో సీటిస్తారు. తప్పితే చదువు అక్కడితో సరి.

"ఏం రాసినావే?" అన్నాను.

"పుస్తకంలో ఉన్నట్టే రాయమని అమ్మ ఒట్టేయించుకునింది మేడం. ఈయన మైపాడు వాసి అనే రాసినాను."

ఆ పిల్ల వెళ్ళబోయి ఆగింది.

"మొదట ఈయన అని రాసేదానికి చెయ్యి రాక 'మా అమ్మ' అని రాసేసినాను మేడం. మళ్ళా కొట్టేసినాను. కొట్టేసింది కనపడితే మార్కులు తీసేస్తారా?"

"తీయరులే" అన్నాను.