ఫాంగ్ తాత వెదురు కుర్చీ

తైవాన్‌లోని తైనాన్‌లో మా సందుకి చెత్త బండి పాట పాడుకుంటూ వస్తుంది. మలుపులో పాట వినపడిందంటే ఎక్కడి పని అక్కడ వదిలేసి అందరూ సంచులు పట్టుకుని బయటికి రావాల్సిందే. చెత్త నేల మీద పెట్టకూడదు, చేతుల్లోంచి బండిలోకే పోవాలి. అందుకని మా సందులో కబుర్లూ పోట్లాటలూ రాజీలూ అన్నీ ఆ కాసేపట్లోనే తేలిపోతాయి.

అందరికన్నా ముందొచ్చేది ఫాంగ్ తాత. కుర్రతనంలో సైన్యంతోపాటు చైనాలోని షాన్‌తుంగ్ నుంచి సముద్రం దాటి వచ్చి, ఇక్కడే ముసలివాడైపోయాడు. ఆయన్ని చూసుకోడానికి జావా నుంచి వచ్చిన లస్త్రి, గుమ్మం ముందు వెదురు కుర్చీ వేసి ఆయన్ని కూచోబెట్టి, పక్కన రెండు బకెట్లతో నిలబడుతుంది. వండి మిగిలింది పందులకి, పచ్చి తొక్కలు ఎరువుకి.

"పంది మాంసం ముట్టవు గానీ, రోజూ పందులకి విందులు చేస్తావేం పిల్లా?" అంటాడు తాత.

"సగం అన్నం వదిలేసేది మీరు. పాపం, అవి మీ పేరు చెప్పుకునే తింటున్నాయి."

అలా మొదలై మాటలు సొంతూళ్ళ మీదికి పోతాయి. ఆయన వాళ్ళమ్మ ఎండబెట్టే రేగుపళ్ళ గురించి చెబుతాడు, ఈమె వాళ్ళ పెరట్లో కొబ్బరిచెట్ల గురించి చెబుతుంది. ఆ కుర్చీ దగ్గర ఎవరైనా ఇంటి సంగతి మనసులోంచి చెబితే, దాని కాలికి మొలక వస్తుంది. తెల్లారేసరికి మూరెడవుతుంది. లస్త్రి దాన్ని కోసి కొబ్బరిపాలలో ఉడికించి నాలుగిళ్ళకీ పంచుతుంది. ఉప్పు తగ్గిందని వంక పెట్టినవాళ్ళున్నారు గానీ, వద్దన్నవాళ్ళు లేరు.

తాత కూతురు యూచెన్ తైపేలో ఉంటుంది. ఈ వయసులో ఆయనకి వృద్ధాశ్రమమే మంచిదని అక్కడ చోటు మాట్లాడేసి, తీసుకెళ్ళడానికి వచ్చింది. తెల్లారితే ప్రయాణం. లస్త్రిని పనికి కుదిర్చిన ఏజెంటు ఇంకో ఊళ్ళో ఇంకో ఇంటికి పంపిస్తాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ తాత నోరు విప్పలేదు. లస్త్రి ఆయన బట్టలు మడతపెడుతూ ఏడ్చింది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మడతపెట్టింది.

సాయంత్రం పాట వినపడింది. తాత గుమ్మంలో మెట్టు మీద కూచున్నాడు. "ఈ పాతది అక్కడెందుకు?" అంటూ యూచెన్ కుర్చీ ఎత్తుకుని బండి దగ్గరికి నడిచింది.

"అక్కా, అక్కా, పెద్ద సామాను ఇందులో వెయ్యకూడదు," అన్నాడు డ్రైవరు. "ముందు ఫోన్ చేసి చెబితే వేరే బండి వస్తుంది."

సందంతా నవ్వింది. తైపేలో అపార్ట్‌మెంట్ కాపలావాడు చెత్త చూసుకుంటుంటే ఈవిడకి ఇవన్నీ ఎక్కడ గుర్తుంటాయి! బండి వెళ్ళిపోయింది. యూచెన్ కుర్చీని గుమ్మం ముందు దించి, అందులోనే కూలబడింది.

"చిన్నప్పుడు నీకు బాగానే తెలిసేది," అన్నాడు తాత. పొద్దుట్నుంచీ అదే మొదటి మాట.

యూచెన్‌కి నవ్వొచ్చింది. "ఒక చేత్తో సంచి పట్టుకుని, నన్ను భుజానేసుకుని బండి వెనక పరిగెత్తేవాడివి నాన్నా. ఓసారి నా చెప్పు బండిలో పడిపోయింది."

"నీది కాదు, నాది. కొత్త జత."

"అమ్మ వారం రోజులు తిట్టింది."

"వారమా? పోయేదాకా తిట్టింది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే యూచెన్ ఏడ్చింది. ఈ సందు మీదా, ఈ గుమ్మం మీదా, ఈ పాట మీదా తనకి ఎంత బెంగ ఉందో ఆమెకి అప్పటిదాకా తెలీదు. కుర్చీ కిర్రుమంది. ఆమె పాదాల పక్కన, కుర్చీ కాలికి పచ్చటి మొలక ఒకటి బయటికొచ్చింది.

లస్త్రి వంగి చూసింది. "ఇది తెల్లారితేగానీ కోతకి రాదు మేడమ్. అప్పటికి మీరు బయల్దేరిపోతారు." ఆగి అడిగింది. "కుర్చీ కోసం పెద్ద బండికి ఫోన్ చెయ్యమంటారా?"

"ఫోన్ నేను చేస్తాలే," అంది యూచెన్. అక్కడే కూచుని ఆశ్రమానికి చేసింది. నాన్న రావట్లేదని, ఇంట్లో చూసుకునే మనిషి ఉందని చెప్పింది.

మర్నాడు లస్త్రి వండిన ఆ మొలక కూర తిని యూచెన్ ఉప్పు తగ్గిందంది. తాత మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు. సాయంత్రం బండి పాడుకుంటూ వచ్చేసరికి లస్త్రి చేతిలో పందుల బకెట్ ఖాళీగా ఉంది.