చప్పుడు తక్కువ బండి

నా భార్య వరలక్ష్మి పెద్దకర్మ నాడు మా ఇంటి ముందు నాలుగు బుల్లెట్లు వచ్చి ఆగాయి. లోపల మంత్రం చదువుతున్న పంతులుగారు ఆ చప్పుడు అణిగేదాకా నోరు మూసుకుని కూర్చోవలసి వచ్చింది. వచ్చినవాళ్ళు నా మిత్రులు. మిత్రులు అన్న మాట అలవాటు కొద్దీ రాస్తున్నాను.

వాళ్ళకు పెద్ద త్రికోటేశ్వరరావు. నరసరావుపేటలో రెండు రైసు మిల్లుల యజమాని. నా చెయ్యి పట్టుకుని, "ఏం చేస్తాం మాస్టారూ, రాత" అన్నాడు. మాట ఇంకా నోట్లో ఉండగానే ఆయన చూపు పందిరి పక్కకు నెట్టి పెట్టిన నా బండి మీదకు పోయింది.

"ఇంకా దీన్నే తోల్తన్నావా? సైలెన్సరు చూడబోతే ఇటుకబట్టీ గొట్టంలాగుంది. కొత్తది తీయ్ మాస్టారూ. కొత్త బుల్లెట్టెక్కితే మనసు మారుద్ది."

"మారుద్ది" అన్నాడు పుల్లారావు. ఎరువుల కొట్టు నడుపుకునే పుల్లారావుకు త్రికోటేశ్వరరావు ఆఖరి మాటను మళ్ళీ అనడమే సంభాషణ.

వాళ్ళతో నేను తొమ్మిదేళ్ళు తిరిగాను. ప్రతి కార్తీకంలోనూ శ్రీశైలం ఘాటు రోడ్డు ఎక్కేవాళ్ళం. వాళ్ళ దృష్టిలో బుల్లెట్టు వాహనం కాదు, కులం. యెజ్డీ వాడు టీ హోటల్లో బల్ల దగ్గరకు వస్తే జరిగి చోటివ్వరు. రాజ్‌దూత్ పాలవాళ్ళకు వదిలేశారు. తాము వీధిలోకి వస్తున్న సంగతి నాలుగు సందుల అవతల పడుకున్న పసిపిల్లకు కూడా తెలియాలి. తెలియకపోతే తాము రానట్టేనని వాళ్ళ భయం కాబోలు. ఆ రోజు వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు కూడా ఒకరి తర్వాత ఒకరు కిక్కు కొట్టి, బండి అక్కడే నిలబెట్టి కాసేపు ఎక్సలేటరు తిప్పి మరీ వెళ్ళారు. పరామర్శ ముగిసిందని వీధి వీధికీ తెలిసింది.

ఇంట్లో నేనూ మా అత్తగారు కోటేశ్వరమ్మ గారూ మిగిలాం. వరలక్ష్మికి జబ్బు చేసినప్పుడు వండిపెట్టడానికి రెంటచింతల నుంచి వచ్చిన మనిషి ఆమె. అక్కడ ఆమెకు ఎవరూ లేరు. ఇక్కడే ఉండిపోయింది.

మా వైపు అత్తలు అల్లుడి ఎదుటికి రారు. మొహం చూసి మాట్లాడరు. ఈ కాలపు అత్తలు మారారేమో గాని, ఆమె మారలేదు. పదిహేనేళ్ళుగా ఆమె నాకు చెప్పదలచింది వరలక్ష్మికి చెప్పేది, వరలక్ష్మి నాకు చెప్పేది. ముగ్గురమూ ఒకే గదిలో ఉన్నప్పుడు కూడా అంతే. ఇప్పుడు మధ్యలో మనిషి లేదు. దొడ్లో గేదె ఉంది. ఆమె గేదెకు చెప్పడం మొదలుపెట్టింది.

"ఏమే, మీ అయ్యకు చెప్పు. కూర అడుగంటింది, పెరుగేసుకుని తినమను."

నేను వరండాలోంచి "అలాగే" అనేవాణ్ణి. అదీ గేదెకే.

ఉప్పు, పప్పు, చాకలి సంగతులు గేదె మోసింది. మోయలేనిది ఒకటి మిగిలిపోయిందని పక్కింటి శేషారత్నం వచ్చి చెప్పింది.

"మాస్టారూ, మీ అత్తకు మిమ్మల్ని అడగాల్సిన మాట ఒకటుందంట. ఏందే అంటే నాకు చెప్పదు. 'నీ నోట్లో పడితే అది నా మాట కాకుండా పోద్ది' అంటది. బర్రెతో అడిగించే మాటా కాదంట."

"మరి ఎలాగమ్మా?"

"నేనూ అదే అన్నా. గోడకేసి మూతి పెట్టుకుని కూర్చుంది."

ఆ మాట దేని గురించో నేను ఊహించగలిగాను. వరలక్ష్మి ఆసుపత్రిలో పోయిన పూట పక్కన ఉన్నది నేనొక్కణ్ణే. అత్తగారు ఇంటి దగ్గర కేరేజీ సర్దుకుని నడిచి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ పూట గురించి నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. బడిలో తోటి ఉపాధ్యాయులు జాలిగా చూసి సెలవుల లెక్క మాట్లాడారు. మిత్రులు బండి సంగతి మాట్లాడారు. అడగాలనుకుంటున్న ఒక్క మనిషికి నోరు రావడం లేదు. అడగనివాళ్ళకు నా అంతట నేను చెప్పలేను.

సంవత్సరీకం దగ్గర పడుతుండగా ఒక పొద్దున గేదెకు కొత్త సంగతి చేరింది. శ్రీశైలం పోవాలి. కూతురు దక్కితే తలనీలాలు ఇస్తానని అప్పట్లో ఆమె మొక్కుకుంది. కూతురు దక్కలేదు కాబట్టి చెల్లించనక్కర్లేదని పెద్దలందరూ చెప్పారు.

"చెల్లించటానికి కాదే బర్రే! ఈ జుట్టు తీసకపోయి ఆయనకు చూపిస్తా. నువ్వు నీ పని చెయ్యలా, నేనెందుకియ్యాల అని మొహం మీదే అడిగొస్తా."

మల్లన్నను మొహం మీద అడగగల మనిషికి అల్లుణ్ణి అడగడం సాధ్యం కావడం లేదు.

బస్సు ఆమెకు పడదు. రెంటచింతల నుంచి వచ్చిన ఆ ఒక్క బస్సు ప్రయాణానికి రెండు రోజులు వాంతులతో మంచం దిగలేదు. కారైనా అంతే. మూసిన బండిలో పొగ వాసన ఆమెకు విషం. గాలి తగిలే వాహనమైతే ఫరవాలేదేమో చూద్దామని, నా పాత బుల్లెట్టు మీద కోటప్పకొండ రోడ్డులో కొంత దూరం తీసుకువెళ్ళాను. ఆమె పక్కకు తిరిగి కూర్చుంది. నాకూ తనకూ మధ్య గుడ్డసంచి ఒకటి అడ్డం పెట్టుకుంది. అల్లుడి భుజం మీద చెయ్యి వెయ్యడం కంటే పడిపోవడమే మేలని, వెనక కమ్మీ పట్టుకుంది.

ఊరు దాటాక వెనక నుంచి ఏదో వినపడినట్టయింది. "అది" అన్న మాట. కాసేపటికి "ఆసుపత్రి" అన్న మాట. మిగతాదంతా ఇంజను మింగేసింది. బండి ఆపి వెనక్కి తిరిగాను.

"ఏమన్నారత్తయ్యా?"

ఆమె కొంగు మొహం మీదకు లాక్కుని పత్తిచేను వైపు చూస్తూ ఉండిపోయింది. మళ్ళీ బయలుదేరాను. మళ్ళీ మాటలు మొదలయ్యాయి, మళ్ళీ ఇంజనులో కలిసిపోయాయి. అప్పుడు నాకు అర్థమైంది. నా మొహం కనపడకపోతే, నేను తిరిగి చూసే వీలు లేకపోతే, ఆమె మాట్లాడగలదు. ఇంట్లో ఎంత తలుపు చాటున్నా నేను ఎప్పుడో ఒకప్పుడు లేచి రావచ్చు. నడుస్తున్న బండి మీద రాలేను.

ఆమె అడుగుతోంది. నాకు వినపడడం లేదు.

ఆ వారమే కొత్త బండి కోసం గుంటూరు వెళ్ళాను. తోడుగా మెకానిక్ సుభానీని తీసుకువెళ్ళాను. బుల్లెట్టు తప్ప వేరే బండి ముట్టుకోనని షెడ్డు మీద బోర్డు రాయించుకున్న మనిషి అతను. నేను బుల్లెట్టు షాపు దాటి ముందుకు నడిచేసరికి అతని మొహం మాడిపోయింది.

ఒక షాపులో టై కట్టుకున్న కుర్రవాడు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో వల్లించడం మొదలుపెట్టాడు.

"అది కాదు బాబూ. చప్పుడు ఎంత?"

"సౌండ్ లేదని ఫీలవకండి సార్. సైలెన్సర్ లోపల జాలీ పీకేస్తే అదిరిపోద్ది. మనవాళ్ళంతా అదే చేయిస్తన్నారు."

"వెనక కూర్చున్నవాళ్ళు మెల్లగా మాట్లాడితే నాకు వినపడాలి."

అతను సుభానీ వంక చూశాడు. సుభానీ ఆకాశం వంక చూశాడు.

నడిపి చూసేటప్పుడు సుభానీని వెనక కూర్చుని ఏదో ఒకటి మెల్లగా మాట్లాడుతూ ఉండమన్నాను. రెండు రకాల బళ్ళ మీద అతని గొణుగుడు చెవిన పడింది గాని మాట తెలియలేదు. మూడోది కొత్తగా వచ్చిన హీరో హోండా. లాడ్జి సెంటరు దాటి ఖాళీ రోడ్డులోకి వచ్చాక నా వెనక ఇలా వినపడింది.

"అత్త కోసరం బుల్లెట్టమ్ముకునే మొగోణ్ణి ఇప్పుడే చూస్తన్నా. యా అల్లా, ఈయన దగ్గర పిలకాయలు లెక్కలెట్టా నేర్చుకుంటన్నారో ఏమో."

బండి పక్కకు తీసి ఆపాను.

"అంతా వినపడింది సుభానీ. ఇదే తీసుకుందాం."

సుభానీ నాలుక కరుచుకున్నాడు.

మర్నాడు టీ హోటలు ముందు కొత్త బండి ఆపేసరికి త్రికోటేశ్వరరావు గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి ఇంజను దగ్గర చెవి పెట్టాడు.

"నడుస్తందా, ఆగిందా?"

"నడుస్తోందండీ."

"ఒరేయ్ పుల్లారావ్, మాస్టారు కుట్టుమిషనుకి చక్రాలు పెట్టించాడ్రా!"

"పెట్టించాడు!"

"ఏంది మాస్టారూ ఇది? తొమ్మిదేళ్ళు మాతో తిరిగి కంపెనీ మారుస్తావా? దీనికంటే మా ఇంట్లో మిక్సీ నయం, ఎదిరింటోళ్ళకన్నా ఇనపడుద్ది. రేపు లారీవోడు గుద్దినా ఏదో దోమనుకుని పోతాడు."

"దోమ!" అన్నాడు పుల్లారావు. హోటలంతా నవ్వింది.

నేను టీ తాగాను. పదిమంది కలిసి ఒక యంత్రపు చప్పుడును తమ మగతనంగా లెక్కవేసుకుంటున్నప్పుడు ఆ లెక్క దిద్దడం నా వృత్తిలోకి రాదు. అయినా సంవత్సరీకం అయ్యాక, కార్తీకంలో వాళ్ళతోనే బయలుదేరాను. అడవి దారిలో టైరు పగిలితే తోడు కావాలి. ఆడమనిషి వెంట రావడం జట్టుకు కొత్త. త్రికోటేశ్వరరావు కాసేపు ఆలోచించి, "పెద్దామె గదా, రానీయ్. మధ్యలో పెట్టుకుని జాగర్తగా తీసకపోదాం" అన్నాడు. ఆయన మంచితనం నేను కాదనను. అది కూడా చప్పుడుతోనే వస్తుంది.

ముందు రెండు, వెనక రెండు బుల్లెట్లు. మధ్యలో మేము. వినుకొండ దాకా నాకు నా ఊపిరే వినపడలేదు. వెనక ఆమె రెండుసార్లు ఏదో మొదలుపెట్టి ఆపేసినట్టు గుడ్డసంచి కదలికను బట్టి తెలిసింది. త్రిపురాంతకంలో టీకొట్టు దగ్గర ఆగినప్పుడు ఆమె దాని వెనక్కి పోయి, అక్కడ కట్టేసిన మేకతో అంది.

"ఏమే, ఈళ్ళకు చెవులు పుట్టుకతోనే లేవా, మధ్యలో పోయినయ్యా?"

దోర్నాల దాటి ఘాటు మొదలైంది. కొత్త బండి ఎక్కడా ఆయాసపడకుండా ఎక్కుతోంది. ముందున్నవాళ్ళ మోత కొండకు తగిలి రెట్టింపై తిరిగి వస్తోంది. ఈ కొండ ఎక్కి దిగితే ప్రయాణం అయిపోతుంది. ఇంటికి వెళ్ళాక మళ్ళీ తలుపు, మళ్ళీ గేదె. నేను నెమ్మదిగా పోనివ్వడం మొదలుపెట్టాను. వెనకవాళ్ళు దాటి వెళ్ళారు. ఇంకా నెమ్మది చేసి రోడ్డు అంచున ఆపేశాను.

రెండు మలుపుల పైనుంచి త్రికోటేశ్వరరావు బండి తిప్పుకుని వచ్చాడు. వెనకే పుల్లారావు.

"ఏంది మాస్టారూ, ఎక్కటంలా?"

పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పి జీతం తీసుకునేవాణ్ణి. అయినా మాట సులువుగానే వచ్చింది.

"ఎక్కడం లేదండీ. మీరు చెప్పిందే నిజం. దీనికి ఘాటు పని కాదు. మీరు పదండి, మేం నిదానంగా వస్తాం."

ఆయన మొహంలో అంత నిండైన జాలిని నేను పెద్దకర్మ నాడు కూడా చూడలేదు. నా భుజం తట్టాడు. కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ.

"చెప్పానా, ఇనకపోతివి."

"చెప్పాడుగా!" అన్నాడు పుల్లారావు.

ఇద్దరూ ఎక్సలేటరు తిప్పి, నా బండికి తగిన పాఠం చెప్పి, పైకి పోయారు. మోత ఒక్కొక్క మలుపూ ఎక్కుతూ సన్నబడి, చివరకు అడవిలో ఎక్కడో ఆగిపోయింది. ఎండుటాకుల చప్పుడు వినపడింది. బండి స్టార్టు చేసి కదిలించాను.

కొంచెం దూరం పోయాక వెనక నుంచి గొంతు వచ్చింది.

"పోయారా ఆ మోతగాళ్ళు?"

పదిహేనేళ్ళలో ఆమె నాతో అనగా నాకు పూర్తిగా వినపడిన మొదటి మాట అది.

"పోయారత్తయ్యా."

"తిరగబాక నాయనా. ముందుకు చూసి తోలు."

"తిరగను."

"ఒక మాట అడుగుతా. నన్ను ఊరుకోబెట్టటానికి అబద్ధం చెప్పబాక. ఇందాక ఆయనకు చెప్పినట్టు."

"చెప్పను."

బండి ఒక మలుపు తిరిగింది.

"ఆ పొద్దు నేను వచ్చేలోపల అది నన్ను అడిగిందా?"

అమ్మా అమ్మా అని కలవరించిందని చెప్పవచ్చు. ఎవరైనా అదే చెబుతారు. ఏడాది పాటు ఆ పూటలో ఒక్కొక్క మాటనూ నేను ఎన్నిసార్లు తిరగేసుకున్నానో నాకే తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"మీరు కావాలని అడగలేదు. ఇవ్వాళ అమ్మ ఏం తెస్తుందో అన్నది. పప్పుచారైతే నువ్వు తాగెయ్, నాకొద్దు, అమ్మతో మాత్రం నేనే తాగానని చెప్పు అన్నది. తర్వాత కళ్ళు మూసుకుంది. అంతే."



"పప్పుచారే తెచ్చా" అంది చాలాసేపటికి. "దానికి చిన్నప్పటి నుంచీ పడదు. డాక్టరు పెట్టమన్నాడని నెల రోజులు అదే పోశా. డాక్టరంట, వాడి మొహం."

నా వీపుకు ఆనుకుని ఉన్న గుడ్డసంచి కదలడం మొదలైంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియదు. నేను ముందుకే చూస్తున్నాను. రోడ్డు కాసేపు మసకగా కనపడింది.

"ఆ ముందు రోజేమన్నదీ?" అంది. "నేను లేనప్పుడు ఏమేమన్నదీ అన్నీ చెప్పు. నిదానంగా చెప్పు."

ముందు రోజు సంగతి మొదలుపెట్టాను. ఘాటు ఇంకా సగం ఉంది. బండి వేగం ఇంకొంచెం తగ్గించాను.