ఆడవాళ్ళ అంతస్తు

ఆ పొద్దున ఆకాశం పని ఎగ్గొట్టినట్టుంది. వాన కురిపించేంత నలుపు లేదు, ఎండ రానిచ్చేంత తెలుపూ లేదు. బట్టలు జాడించి వదిలేసిన నీళ్ళ రంగులో ఇంటికప్పుల మీదికి దిగి కూర్చుంది. తడిబట్టలు ఆరేయాలా వద్దా అని ఆవిడ గుమ్మంలో నిలబడి పైకి చూస్తుంటే లోపలినుంచి మొగుడు పిలిచాడు.

"ఇటు రావే. అంతా అయిపోయింది."

అతను సిటీబస్సు కండక్టరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. అన్నం తిని లేచేటప్పుడు కూడా "రైట్ రైట్" అంటాడని డిపోలో అతని పేరే రైట్‌రైట్ అయిపోయింది. ఆ రోజు అతనికి వారపు సెలవు. నాలుగు నెలలుగా విదేశీ యాత్ర పథకం వేస్తున్నాడు. సముద్రం దాటి ఒక మహానగరం. వాళ్ళ డిపోలో ఒక డ్రైవరు కిందటేడు టూరు కంపెనీకి అడిగినంత ఇచ్చి ఆ ఊరు చూసొచ్చాడు. ఏడాది పొడుగునా అదే కథ చెప్పి 'ప్యాకేజీ' అని పేరు తెచ్చుకున్నాడు. వాడు పెట్టినదాంట్లో సగానికే మేం వెళ్ళొస్తాం అని రైట్‌రైట్ క్యాంటీన్లో పందెం కట్టినంత పని చేశాడు. అప్పటినుంచీ డ్యూటీ దిగితే ఫోనే లోకం.

బల్ల మీద కాగితాలు వరసగా పేర్చి ఉన్నాయి. కూతురు చదివి చెబుతోంది. చదువు ముగించి ఈమధ్యే ఉద్యోగంలో చేరిన పిల్ల.

"గురువారం రాత్రి బయల్దేరాలమ్మా. మధ్యలో ఒక ఎయిర్‌పోర్టులో తొమ్మిది గంటలు కూర్చోవాలి. శుక్రవారం మధ్యాహ్నానికి దిగుతారు. తిరుగు ప్రయాణం మంగళవారం పొద్దున ఆరింటికి."

"తొమ్మిది గంటలు కూర్చుంటామా?" అందావిడ.

"నేరుగా వెళ్ళే విమానం రేటు వింటే కూర్చోవు, పడిపోతావు," అన్నాడతను.

ఆవిడ నవ్వింది. కూర్చోవడానికి ఆవిడకేం అభ్యంతరం లేదు. ఒక్కొక్కరికి ఏడు కిలోల సంచే అన్నాడు, సరేనంది. టాక్సీ లేదు, అన్నిటికీ బస్సేనన్నాడు, సరేనంది. మధ్యాహ్నాలు రొట్టె కొనుక్కుని పార్కులో తినాలన్నాడు, దానికీ తల ఊపింది. ఆఖరి కాగితం దగ్గర కూతురు ఆగింది.

"నాన్నా, ఇది రూం కాదు. మంచాలు."

"చదువు, చదువు. అదే అసలైన దెబ్బ."

"పది మంచాల హాల్లో ఒక మంచం, ఆడవాళ్ళకి, రెండో అంతస్తు. పది మంచాల హాల్లో ఒక మంచం, మగవాళ్ళకి, నాలుగో అంతస్తు. నాలుగు రాత్రులు." పిల్ల అమ్మ వైపు ఒకసారి చూసి మళ్ళీ కాగితంలోకి వచ్చింది. "దుప్పటి, గలీబు కౌంటర్లో ఇస్తారట. ఎవరి పక్క వాళ్ళే పరుచుకోవాలి. వెళ్ళేరోజు తీసి బుట్టలో వెయ్యాలి."

అతను భార్య మొహంలోకి చూశాడు, మెచ్చుకుంటుందని. "మగా ఆడా కలిపి ఉండే హాలైతే ఇంకా చవక. నేనొప్పుకోలేదు. లేడీస్ అంటే లేడీసే ఉండాలన్నాను. ఏరికోరి నీకు లేడీస్‌లో పట్టాను."

ఆవిడ ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి యూనిఫాం జేబులో పెట్టుకుంది. తడిబట్టల బుట్ట గుమ్మంలోనే వదిలేసి డ్యూటీకి వెళ్ళిపోయింది.

"ఏమైందే మీ అమ్మకి?" అన్నాడతను.

"ఏమో నాన్నా," అంది కూతురు. ఆ పిల్లకి తెలుసు.

*

ఆవిడ ఒక హోటల్లో గదులు సర్దే పని చేస్తుంది. రోజుకి పద్నాలుగు గదులు, పంతొమ్మిదేళ్ళుగా. దుప్పటి మూల కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందికి తోస్తే, ఆవిడ తోసిన మూల ఎవరు ఎంత పొర్లినా ఊడి రాదు. అందుకే అక్కడ అందరికీ మడతక్క.

ఆ రోజు మడతలు పెట్టలేదు, పరుపుల్ని కొట్టింది. మూడో గదిలో స్నానాల తొట్టి జాలీలో ఎవరివో జుట్టు ఉండలు తీసింది. ఐదో గదిలో దిండు మీద కాఫీ మరక. ఏడో గదిలో మంచం మీద రొట్టె తుంపులు, కిందపడ్డ తువ్వాళ్ళు, ఎవరో హాయిగా పడుకుని, హాయిగా లేచి, వెనక్కి చూడకుండా పోయిన గుర్తులు. ఈ గుర్తుల్ని చూసి ఆవిడెప్పుడూ విసుక్కోలేదు. ఒక రోజు నేనూ ఇలాగే పోతాను అనుకునేది. ఎవరికీ చెప్పని మాట అది. చెప్పడానికేముంది? హోటలంటే గదే కదా. యాత్రకి వెళ్తే గది ఉంటుంది కదా. మొగుడు నాలుగు నెలలు విమానాల గురించి చెబుతుంటే ఆవిడ వింటూ మనసులో ఆ గదిలో తిరిగేది. ఇంట్లో ఆవిడ పడుకునేది ముందుగదిలో, చెప్పుల అరకి ఎదురుగా. అతను మొదటి బస్సు డ్యూటీకి లేచినా, ఆఖరి బస్సు దిగి వచ్చినా ఆవిణ్ణి దాటుకునే నడవాలి.

లినెన్ రూంలో ఉతికే పని చేసే పెద్దావిడ దుప్పట్లు లెక్కపెడుతూ ఆవిడ మొహం చూసింది. అందరూ సబ్బక్క అంటారావిణ్ణి.

"ఏంటే, పరుపులేమైనా అప్పున్నాయా నీకు? ఆ చావబాదుడేంటి?"

మడతక్క కాగితం విప్పి చెప్పింది. సబ్బక్క చివరిదాకా విని నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకు సబ్బక్కా."

"నవ్వట్లేదే. మీ ఆయన నిన్ను విదేశం తీసుకెళ్ళి డ్యూటీలో దింపుతున్నాడు. యూనిఫాం పట్టుకెళ్తావా, అక్కడిస్తారా?"

మడతక్క కాగితం మళ్ళీ మడతలు పెట్టసాగింది.

"సర్లే, కౌంటర్ పిల్లకి చూపించు," అంది సబ్బక్క ఈసారి నవ్వకుండా. "దానికి ఈ కాగితాలు బాగా తెలుసు."

కౌంటర్లో పనిచేసే అమ్మాయి కాగితం వెలుగులోకి పట్టి చదివింది. "అక్కా, ఇది రద్దు చేసుకోవచ్చు. పైసా పోదు. ఇవాళ సాయంత్రం ఆరింటి వరకే. ఆరు దాటితే మొత్తం పోతుంది. కానీ ఎవరి ఫోన్లో బుక్ చేశారో ఆ ఫోన్లోనే చెయ్యాలి."

"రద్దు కాదని ఆయనెప్పుడూ అంటాడే? కోసిన టికెట్ వెనక్కి పోదంటాడు."

"బస్సు టికెట్ వెనక్కి పోదక్కా. మంచం పోతుంది. మన దగ్గర రోజుకెన్ని రద్దవుతున్నాయో నీకు తెలీదా?"

తెలుసు. ఆఖరి నిమిషంలో రద్దైన గదులు ఆవిడకిచ్చే గదుల కార్డు మీద రోజూ కొట్టేసి ఉంటాయి. అతనికే తెలీదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అతనికి. గడియారం నాలుగూ పది. పద్నాలుగో గది అయ్యేసరికి నాలుగున్నర. యూనిఫాం కూడా మార్చుకోకుండా డిపో వైపు నడిచింది.

*

డిపో క్యాంటీన్లో డీజిల్ వాసనా టీ వాసనా కలిసిపోయి ఉంటాయి. సెలవు రోజున కూడా రైట్‌రైట్ అక్కడే ఉన్నాడు. ఐదారుగురు చుట్టూ మూగారు. విమానం కాగితాలు బల్ల మీద పరిచి ప్యాకేజీకి పాఠం చెబుతున్నాడు. ఆవిణ్ణి చూసి లేచాడు.

"ఏమైంది? పిల్లకేమైనా..."

"పిల్లకేం కాలేదు. ఫోనివ్వండి. ఆ మంచాలు రద్దు చెయ్యాలి. ఆరింటి దాకానే టైముంది."

"మంచాలేంటొదినా?" అన్నాడు ప్యాకేజీ, చెవులు రిక్కించి.

"మీ అన్నయ్య నన్ను సముద్రం దాటించి, తొమ్మిది మంది ఆడవాళ్ళ మధ్య దింపేసి, తను నాలుగో అంతస్తు ఎక్కుతాడట."

"అదేంటన్నా," అన్నాడు ప్యాకేజీ, "పాతికేళ్ళు కాపురం చేసి అక్కడికెళ్ళి విడాకులా?"

బల్ల చుట్టూ నవ్వులు. రైట్‌రైట్ మెడ దాకా ఎర్రబడింది. నాలుగు నెలల కష్టం ఒక్క జోకుకి పోయింది. ప్యాకేజీ ముందు పోయింది.

"లేడీస్ సీట్లలో మగాళ్ళు కూర్చుంటే ఇరవై ఆరేళ్ళుగా నేనే లేపుతున్నాను," అన్నాడు ఆవిడతో. "తిట్లు తిన్నాను. ఒకసారి చొక్కా చించారు. అట్లాంటిది నీకు లేడీస్‌లో ఏరికోరి తీసుకుంటే నలుగురిలో నా పరువు తీస్తావా?"

"నేనడిగానా లేడీస్?"

"రాత్రి కళ్ళు మూసుకుంటే ఎక్కడైనా ఒకటే. మనం పోయేది ఊరు చూడ్డానికా, మంచం చూడ్డానికా?"

"మంచం చూడ్డానికే."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే ఏడుస్తానని భయం, ఏడిస్తే ఓడిపోతానని అంతకంటే భయం.

"మీకు ఊరు కావాలి. నాకు గది కావాలి. రోజుకి పద్నాలుగు పక్కలు పరుస్తాను. ఒక్కదాని మీద నడుం వాల్చలేదు. అంచు మీద కూర్చున్నా మెమో ఇస్తారు. వేరే ఎవరో పరిచిన పక్క మీద పడుకోవాలి నేను. పొద్దున లేచి దాన్ని అట్లాగే చెరిపి వదిలేసి బయటికి పోవాలి. సాయంత్రం వచ్చేసరికి అది పరిచి ఉండాలి. అంత దూరం వెళ్ళి అక్కడా నా దుప్పటి నేనే దోపుకోవాలంటే విమానమెందుకండీ? రేపు పొద్దున మీ బస్సెక్కితే చాలదా?"

"ఇన్నేళ్ళలో ఈ మాట ఒక్కసారైనా చెప్పావా?"

"నాలుగు నెలలు ఆ ఫోనులో మొహం పెట్టుకు కూర్చున్నారు. నీకేం కావాలే అని ఒక్కపూట అడిగారా?"

అతను చుట్టూ చూశాడు. అందరూ తమ తమ గ్లాసుల్లోకి చూస్తున్నారు. అది నవ్వు కంటే అన్యాయంగా తోచిందతనికి.

"కోసిన టికెట్ వెనక్కి పోదు," అన్నాడు పళ్ళ మధ్యనుంచి. "ఇంటికి పో."

"అయితే నా సీట్లో ఇంకెవర్నైనా ఎక్కించుకుని పొండి. నేను రాను."

ఆవిడ వెనక్కి తిరిగి బస్సుల మధ్యనుంచి నడిచి వెళ్ళిపోయింది. రానని ఊరికే అనలేదు. దారి పొడుగునా సెలవు చీటీ వెనక్కి తీసుకోవడం ఎట్లాగో ఆలోచించుకుంది. ఏడేళ్ళుగా వాడని సెలవులన్నీ పోగేసి, సూపర్‌వైజరు బల్ల ముందు మూడు సార్లు నిలబడి సంపాదించిన సెలవు అది.

*

ఆవిడ ఇంటికొచ్చి పొయ్యి వెలిగించలేదు. కుర్చీ గోడవైపు తిప్పి కూర్చుంది. కూతురు ఏమీ అడక్కుండా వంటింట్లోకి వెళ్ళింది. మామూలుగా ఆ పిల్ల వంటింటి మొహం చూడదు. ఇవాళ గిన్నెలు చప్పుడు కాకుండా దించుతోంది.

ఆరింటికి ఇరవై నిమిషాలుందనగా అతను వచ్చాడు. బస్సులో రాలేదు, నడిచొచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. భార్య వైపు చూడలేదు. ఫోను బల్ల మీద పెట్టాడు. పెట్టడం కాదు, మోదాడు.

"కొట్టు," అన్నాడు కూతురితో. "రద్దో గిద్దో. నంబరొస్తుంది చూసుకో."

పిల్ల చేతులు తుడుచుకుని వచ్చి ఫోను తీసుకుంది. అతను పక్కనే నిలబడ్డాడు. రద్దు కాదని అతనికి ఇంకా నమ్మకం. కాకపోతే చూశావా అనొచ్చు. రెండు నిమిషాల్లో ఫోను మోగి, రద్దయిందని, కట్టింది మొత్తం వెనక్కి వస్తుందని సమాచారం వచ్చింది. అతను దాన్ని రెండు సార్లు చదివాడు. రద్దు చేసుకోవచ్చన్నది నాలుగు నెలల్లో అతను చదవకుండా వదిలేసిన ఒకే ఒక్క వాక్యం. ఆవిడ మీద ఉన్న కోపం ఒకెత్తు, ఈ కోపం ఒకెత్తు. ఇది ఎవరి మీద తీర్చుకోవాలో తెలీక కుర్చీ కాలు తన్నాడు. బొటనవేలికి తగిలింది.

"ఇప్పుడు ఎక్కడ పడుకోవాలంట?" అన్నాడు గోడతో. "ఆ ఊళ్ళో రూంల రేట్లు నేను చూళ్ళేదనుకుంటున్నారా?"

ఆవిడ కుర్చీ ఇటు తిప్పింది. మాట్లాడింది మాత్రం కూతురితోనే.

"మీ నాన్న చూసింది షాపులూ సినిమా హాళ్ళూ ఉండే వీధులు. ఆఫీసులుండే వీధిలో చూడు. శుక్ర, శని, ఆది రాత్రులు. ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళు శుక్రవారం పొద్దునే ఖాళీ చేసి పోతారు. ఆ మూడు రాత్రులూ గదులు ఈగలు తోలుకుంటాయి. మా హోటల్లో నా ఫ్లోరు సగం తాళం వేస్తారు."

కూతురు చూసింది. కనుబొమలు పైకెత్తింది. "నిజమే నాన్నా. మిగతా రోజుల రేటులో సగం కూడా లేదు."

"సోమవారం రాత్రో?" అన్నాడతను. పట్టుకున్నాననుకున్నాడు. "సోమవారం ఆఫీసోళ్ళు మళ్ళీ దిగుతారుగా?"

"సోమవారం రాత్రి గదెందుకు?" అందావిడ, ఇంకా కూతురితోనే. "ఆరింటికి విమానమైతే రెండింటికే ఎయిర్‌పోర్టులో ఉండాలి. అర్ధరాత్రి లేచేదానికి పడకెందుకు? అక్కడి కుర్చీల్లోనే కూర్చుంటాం. తొమ్మిది గంటలు కూర్చోలేమా?"

నాలుగు రాత్రులు అని మొదటి రోజే రాసుకున్నాడతను. నాలుగో రాత్రి రాత్రే కాదని ఎప్పుడూ తట్టలేదు. ట్రిప్పులు లెక్కపెట్టి బతికే మనిషికి అది చెంపదెబ్బ.

"పదో అంతస్తు," అంది కూతురు. "ఇద్దరి మంచం. కిటికీ వీధి వైపు. రోజూ గది సర్దుతారు. నొక్కనా?"

పిల్ల ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది.

"తాళం నా దగ్గరుంటుంది," అందావిడ.

"ఉంచుకో," అన్నాడతను. "మెళ్ళో వేసుకో."

పిల్ల నొక్కింది. అతను రద్దైన మంచాల కాగితం చించబోయి, అది భార్య జేబులో ఉందని గుర్తొచ్చి, చెయ్యి ఊరికే పెట్టుకోలేక విమానం కాగితాలు మళ్ళీ వరస పేర్చాడు. అవన్నీ తను కుదిర్చినవే. వాటిలో తప్పు లేదు. ఆ మాట ఎవరైనా అంటారేమోనని కాసేపు నిలబడ్డాడు. ఎవరూ అనలేదు.

కూతురు కంచాలు పెట్టింది. ఇద్దరూ రానంటారేమోనని భయపడింది గాని, ఇద్దరికీ ఆకలిగానే ఉంది. అతను ఈ చివర కూర్చున్నాడు, ఆవిడ ఆ చివర. పిల్ల అన్నం వడ్డించింది, కూర వేసింది, తనూ కూర్చుంది.

కూరలో ఉప్పు లేదు. మొదటి ముద్దకే ముగ్గురికీ తెలిసింది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. ఎవరూ లేచి ఉప్పు తేలేదు.