మూడోసారికి ముందు

మాస్టారి భార్య పోయింది ఆదివారం పొద్దున, పైగదిలో బుద్ధవందన మొదలవడానికి ఇంకా పది నిమిషాలుందనగా. ఆసుపత్రి నుంచి కబురు చేసే తీరిక ఎవరికీ లేకపోయింది. గదిలో చేరిన పదకొండుమందీ సంగతి తెలియక, ఎప్పటిలాగే బుద్ధుణ్ణి, ధర్మాన్ని, సంఘాన్ని శరణు వేడారు. శరణాలు మూడేసిసార్లు చెప్పాలి. రెండోసారి కాగానే, ఆవిడ ఖాళీ ఆసనం వైపు చూడకుండానే, అందరూ ఆగారు. ఆవిడకు ఉబ్బసం. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఊపిరందక ఆగేది. తేరుకునేదాకా తక్కినవాళ్ళూ ఆగేవారు. పదేళ్ళ అలవాటు మరి.

మాస్టారికి ఈ సంగతి తర్వాత ఎవరో చెబితే తెలిసింది. ఆయన ఏనాడూ ఆ మెట్లెక్కలేదు. భార్య సంచి మెట్లదాకా మోసుకొచ్చి, కింద ఇస్త్రీ దుకాణంలో బల్ల మీద కూర్చుని పేపరు చదివేవారు.

"అక్కయ్యగారేమో పైన నిర్వాణం చూసుకుంటున్నారు, మీరేమో కింద నా ఇస్త్రీపెట్టె సెగ కాచుకుంటున్నారు," అని ఇస్త్రీ అతను ఆటపట్టించేవాడు. మాస్టారు చిన్నగా నవ్వి పేజీ తిప్పేవారు.

వాళ్ళ బౌద్ధ గుడి అంటే ఆ దుకాణం మీది పొడుగాటి గదే. ఒక బుద్ధ విగ్రహం, చాపలు, అందరూ భంతే అని పిలిచే ముసలి భిక్షువు. దాన్ని నిలబెట్టింది మాత్రం ఆవిడే. ఎవరు రెండు వారాలు కనిపించకపోయినా వెళ్ళి తలుపు తట్టేది. ఆవిడ పోయాక పదకొండుమంది నలుగురయ్యారు.

"నలుగురి కోసం నన్నిక్కడ ఉంచరు మాస్టారూ," అన్నారు భంతే ఒకరోజు మెట్ల దగ్గర. "వేరే ఊరు పంపించేస్తారు. గది మూతపడుతుంది."

మాస్టారు మర్నాడు సాయంత్రం ఆవిడ చిన్న నోటుపుస్తకం బయటికి తీశారు. పేర్లు, వీధులు, వాటి పక్కన ఆవిడ రాసుకున్న ముక్కలు. 'మోకాళ్ళ నొప్పి, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవాలి.' 'కొడుకు మాట్లాడడు, ఆ ఊసు ఎత్తకూడదు.' ఆయన ఒక్కో తలుపే తట్టారు. తొలిసారి తానూ మెట్లెక్కి, ఆవిడ ఖాళీ ఆసనం పక్కన కూర్చుని, కొత్తవాళ్ళకు శరణాలు నల్లబల్ల మీద రాసి నేర్పారు, తానే చెప్పించసాగారు. ఆరు నెలల్లో నలభైమంది అయ్యారు. చెప్పులు మెట్లు దిగి వీధిలోకొచ్చాయి. ఇస్త్రీ అతను కూడా పైకెక్కి కూర్చుంటున్నాడు.

వాళ్ళలో ముప్పైమంది ఆవిడను చూడనే లేదు. అయినా రెండోసారి కాగానే నలభైమందీ ఆగుతున్నారు.

"అక్కడ ఆగక్కర్లేదమ్మా," అన్నారు మాస్టారు, కొత్తగా వస్తున్న నర్సుతో, బడిలో తప్పు దిద్దినంత మెత్తగా.

"నేనేం కావాలని ఆగలేదండీ. మీ పక్కనావిడ ఊపిరి తీసుకుంటున్నారుగా. మనం పట్టించుకోకుండా చదువుకుపోతే ఏం బావుంటుంది?"

"నా పక్కన ఎవరూ లేరు."

"చూళ్ళేదండీ, కళ్ళు మూసుకున్నాగా. కానీ ఉబ్బసం ఊపిరి నాకు తెలీదా? వార్డులో ఇరవై ఏళ్ళుగా వింటున్నా."

మాస్టారి పక్కనున్నది ఆవిడ ఆసనం. దాన్ని తీసెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆయన ఒక్కొక్కర్నీ అడిగి చూశారు. అందరికీ వినిపిస్తోంది. ముప్పై ఏళ్ళు ఇంట్లో ఆ ఊపిరి విన్న ఆయనకే వినిపించడం లేదు.

మొదట్లో ఆ ఆగడం ఒకటి నుంచి మూడు లెక్కపెట్టేంత ఉండేది. తర్వాత పది. తర్వాత ఇరవై. అంతసేపూ గదిలో అందరి ఊపిరీ బిగబట్టే ఉంటుంది. ఒక ఆదివారం మోకాళ్ళ నొప్పి మామ్మగారు పక్కకు ఒరిగిపోయారు. నర్సు పట్టుకుని చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి.

ఇస్త్రీ అతను మాస్టార్ని మెట్ల మీద ఆపాడు. ఆరోజు హాస్యమాడలేదు.

"నాకు భయమేస్తోంది మాస్టారూ. ఆ ఊపిరి లోపలికి పోతోంది గానీ బయటికి రావట్లేదు. వచ్చే వారం నేను రాను, ఏమనుకోకండి. ఇంకో పదిమంది కూడా రామంటున్నారు."

మధ్యాహ్నం భంతే ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"రెండుసార్లూ మీరే చెప్పిస్తారు. మూడోసారి మీ పెదవులు కదలవు. మొదటిరోజు నుంచీ చూస్తున్నాను."

"అవునండీ."

"ఎందుకని?"

"అది కూడా చెబితే అయిపోతుంది కదండీ."

భంతే ఆవిడ ఆసనం చూపించారు. "ఆవిడ మీకోసమే ఆగిందేమో బాబూ. పదేళ్ళూ మీరు కిందే ఉండిపోయారుగా. మూడోసారి మీరు చెబితేగానీ ఆ ఊపిరి వదలదు."

తర్వాతి ఆదివారం ఇరవై ఎనిమిది మంది వచ్చారు. మామ్మగారు కూడా వచ్చారు, నర్సు చెయ్యి పట్టుకుని. మాస్టారు ఒకసారి చెప్పించారు. రెండోసారి చెప్పించారు. గది ఆగింది. కింద నుంచి వేడి బట్టల వాసన వస్తోంది. అప్పుడు, మొట్టమొదటిసారి, ఆయన ఎడమ పక్కన, ఇంట్లో విన్న ఆ ఊపిరే సన్నగా ఈల వేస్తూ లోపలికి వెళ్ళింది. ఇంకా లోపలికి వెళుతూనే ఉంది. ఎదుటి వరుసలో మామ్మగారి పెదవులు రంగు మారుతున్నాయి.

మాస్టారు నోరు తెరిచారు. మూడోసారి ఇంకా చెప్పలేదు.