మూడు నిమిషాల ఆమేన్

యెషయా గారు ప్రార్థన మొదలుపెట్టారంటే మెట్టుగూడ సంఘంలో ఆడవాళ్ళు పొయ్యి మీద ఏం పెట్టి వచ్చామా అని ఒకసారి గుర్తు చేసుకునేవారు. ఆయన ముప్పై నాలుగేళ్ళు ప్యాసింజరు రైళ్ళకు గార్డుగా పనిచేశారు. ఏ స్టేషనూ వదలకుండా ఆగడం ఆయన ఒంటికి పట్టేసింది. ప్రార్థనలోనూ అంతే. రోగుల దగ్గర ఆగుతారు, విధవరాండ్ర దగ్గర ఆగుతారు, పరీక్షలు రాసే పిల్లల దగ్గర ఆగుతారు, ఢిల్లీలో ప్రభుత్వం దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతారు. సంఘంలో కుర్రకారు దానికి కాజీపేట ప్యాసింజర్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి వాళ్ళ కోసం కూడా ప్రార్థించేవారు.

ఆ బండిని ఆపగలిగిన మనిషి ఒక్కరే, డోరా గారు. ఆవిడ ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊరు దాటి ఫోను చేయాలంటే నంబరు రాయించి గంటలకొద్దీ కూర్చునే రోజుల్లో, మూడు నిమిషాలు కాగానే మాటల మధ్య దూరి "టైమైపోయింది, పొడిగిస్తరా?" అని అడిగి, జవాబు లేకపోతే లైను కోసేసిన చెయ్యి అది. పెళ్ళి కబురైనా చావు కబురైనా మూడే నిమిషాలు. రిటైరై ఏడాది దాటినా ఆ అలవాటు పోలేదు. యెషయా గారి ప్రార్థన మూడు నిమిషాలు దాటిందా, వెనక బెంచీలోంచి "ఆమేన్!" అని ఒక్క కేక. వెంటనే సంఘమంతా ఆమేన్ అనేసేది. యెషయా గారు ఎక్కడికి చేరారో అక్కడే దిగిపోవాల్సి వచ్చేది.

ఇలాంటి మనిషి మీద ఎవరైనా మనసు పారేసుకుంటారా? యెషయా గారు పారేసుకున్నారు. ఏం చేస్తాం.

ఆయన భార్య పోయి తొమ్మిదేళ్ళు. డోరా గారు అసలు పెళ్ళే చేసుకోలేదు. మొదట్లో ఆవిడ ఆమేన్ వింటే ఆయనకు ఒళ్ళు మండేది. ఒక ఆదివారం ఆవిడ జ్వరమొచ్చి గుడికి రాలేదు. ఆ రోజు ప్రార్థన, ఆపే దిక్కు లేక, ఇరవై రెండు నిమిషాలు నడిచింది. ఇంటికొచ్చి తాళం తీస్తుంటే యెషయా గారికి ప్రపంచంలో తనను ఆపేవాళ్ళు ఎవరూ లేరనిపించి దుఃఖం ముంచుకొచ్చింది. జబ్బు అప్పుడు పట్టుకుంది.

అడుగుదామని మూడుసార్లు చూశారు. మొదటిసారి గుడి మెట్ల మీద, నోరు తెరిచి వాతావరణం గురించి మాట్లాడారు. రెండోసారి సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, ఆవిడకు టైంటేబుల్ వివరించారు. మూడోసారి ఏకంగా ఆవిడ ఇంటికే వెళ్ళి రెండు కప్పుల టీ తాగి వచ్చారు. దేవుడితో అంత ధారాళంగా మాట్లాడే మనిషికి ఎదురుగా మనిషి కూర్చుంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. అందుకని ఆయన ఒక ఉపాయం ఆలోచించారు. డోరా గారిని అడగక్కర్లేదు. ఆవిడ ఎదుట దేవుణ్ణి అడిగితే సరి. అడిగాక ఆవిడ ఆమేన్ అంటే, అలాగే జరుగుగాక అన్నట్టే కదా! అంతకంటే స్పష్టమైన ఒప్పుదల ఏముంటుంది?

వ్యవధి కూడా లేదు. డోరా గారు నర్సాపురంలో ఉన్న స్నేహితురాలు మేబెల్ గారింటికి మకాం మార్చేస్తున్నారని, సోమవారం రైలుకు టికెట్ కూడా తీసుకున్నారని సంఘంలో అందరికీ తెలిసిపోయింది. వెళ్తే ఇక తిరిగి రావడం లేదు.

క్రిస్మస్ విందులో బిర్యానీతో పాటు నూడుల్స్ పెట్టాలని ఆ ఏడాది యువజనులు పట్టుబట్టారు. రెండు వేల ఏడో సంవత్సరం, అందరికీ నూడుల్స్ పిచ్చి. విందు కమిటీలో యెషయా గారు లేచి, తిని చూడకుండా ఆర్డరివ్వడం మంచిది కాదన్నారు. మల్కాజ్‌గిరిలో ఒకాయన పిండిని చేత్తో లాగి చేస్తాడట, తానూ డోరా గారూ వెళ్ళి పరిశీలించి వస్తామన్నారు. మల్కాజ్‌గిరే ఎందుకని ఎవరూ అడగలేదు. సంఘం వాళ్ళెవరూ అటువైపు భోజనానికి వెళ్ళరనే ఆయన ఆ చోటు ఎంచుకున్నారు.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ షేర్ ఆటోలో వెళ్ళారు. డోరా గారు తన హ్యాండ్‌బ్యాగును ఇద్దరి మధ్యా పెట్టుకున్నారు. అందులో సోమవారం టికెట్ ఉంది.

హోటలంటే రైలు పట్టాల పక్కన ఒక రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నాలుగు బల్లలు, వెనక గదికి గోడ బదులు ఒక అద్దం. బయట బోర్డు మీద "చారి చైనా నూడుల్స్. ఇచ్చట చేతితో లాగబడును" అని ఉంది. లోపల గోడ మీద ఇంకో బోర్డు ఉంది. "గిన్నె వచ్చిన అయిదు నిమిషముల లోపల తినవలెను. తరువాత మాకు సంబంధము లేదు."

చారి అసలు పేరు బ్రహ్మచారి. ముగ్గురు పిల్లలు. వంశవృత్తి కంసాలి పని. దుబాయిలో ఒక చైనా ఉస్తాద్ దగ్గర ఏడేళ్ళు పనిచేసి వచ్చాడు.

"మా తాత కమ్మచ్చు బెజ్జంల బంగారం పెట్టి ఎంట్రుకంత తీగ తీస్తుండే సార్. నేను పిండి తీస్తున్న. చెయ్యి అదే," అన్నాడు ఆర్డరు రాసుకుంటూ.

అద్దం వెనక చారి పిండి ముద్దను రెండు చేతులా పట్టి బారెడు చాచాడు. మడిచాడు. మళ్ళీ చాచాడు. ఒకటి రెండైంది, రెండు నాలుగైంది, ఎనిమిది మడతలు తిరిగేసరికి చేతుల మధ్య రెండు వందల యాభై ఆరు పోగులు వేలాడాయి. ఒక్కటీ తెగలేదు. డోరా గారు కళ్ళు ఆర్పకుండా చూశారు.

"అబ్బ! ఒక్క పోగు సుత తెగలేదు చూడుండ్రి," అన్నారు.

"అవునండి," అన్నారు యెషయా గారు. ఆయన చూసింది ఆవిడ ముఖాన్ని.

పొగలు కక్కుతూ రెండు గిన్నెలు వచ్చాయి. పులుసులో నూడుల్స్, పైన కోడి మాంసం, ఉల్లికాడలు. చారి బోర్డు వైపు వేలు చూపించి పక్కన నిలబడ్డాడు.

"ప్రార్థన చేసుకుందామా," అన్నారు యెషయా గారు. 

కళ్ళు మూసుకున్నారు. ఏకంగా అసలు విషయానికి వెళ్ళిపోవచ్చు కదా? వెళ్ళలేరు. అలవాటైన దారి వదిలి బండి ఎలా పోతుంది?

"పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ దినమున మమ్మును క్షేమముగా ఈ స్థలమునకు నడిపించినందుకు నీకు స్తోత్రము. ఈ ఆహారమును, దీనిని లాగిన హస్తములను దీవించుము. గోధుమ పండించు రైతులను దీవించుము. వారికి సకాలమున వర్షమునిమ్ము..."

రైతుల నుంచి మిల్లులకు, మిల్లుల నుంచి గూడ్సు బండ్లకు, అక్కడి నుంచి మౌలాలి షెడ్డులో రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకు వెళ్ళారు. ఆసుపత్రిలో ఉన్న ఏసురత్నం మోకాలి దగ్గర ఆగారు. ఇక ఒక్క మలుపు తిరిగితే వచ్చేస్తుంది. 

"ఒంటరిగా జీవించుచున్న వారిని జ్ఞాపకము చేసుకొనుము తండ్రీ. ప్రత్యేకముగా ఈ బల్ల యొద్ద కూర్చున్న..."

"ఆమేన్!" అన్నారు డోరా గారు.

యెషయా గారు కళ్ళు తెరిచారు. ఆవిడ గడియారం చూసుకుంటున్నారు. చారి గిన్నెల్లోకి చూస్తున్నాడు. పులుసు ఇంకిపోయింది. నూడుల్స్ ఉబ్బి ఒకదానికొకటి అంటుకుని గిన్నె అంచుదాకా వచ్చాయి.

"గిదేంది సార్?" అన్నాడు చారి. బంధువు పోయినప్పటి గొంతు అది. "ఎనిమిది నిమిషాలు సార్. గిది నా నూడుల్ కాదు. నా చేతితోని చేసిన, నా కండ్ల ముందర పోయింది." రెండు గిన్నెలూ తీసుకుని, వేరే చేసి తెస్తానని లోపలికి వెళ్ళిపోయాడు.

"జెర మెల్లగ తీసుకున్నరు ఇయ్యాల," అన్నారు డోరా గారు. "నేను సుత ఐదు నిమిషాలు ఎక్కువనే ఇడిసిన. ఇట్ల కలిసి కూసునుడు ఆఖరుసారి గదా అని."

"ఆఖరుసారి..."

"సోమవారం పోతున్న గదండీ. మేబెల్ గది సుత సున్నం ఏయించి పెట్టిందట. ఈడ ఉండి ఏం చేస్త చెప్పుండ్రి? నేను లేకపోతే పరేషాన్ అయ్యేటోళ్ళు ఎవరున్నరు?"

ఇదిగో ఇక్కడ, ఇక్కడే, నేనున్నానండీ అనొచ్చు. అయిదు అక్షరాల పని. యెషయా గారు మంచినీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టి, నర్సాపురం బండి ఇప్పుడు వేళకే నడుస్తోందన్నారు. అని తన నోటిని తానే అసహ్యించుకున్నారు. అరవై రెండేళ్ళొచ్చి ఏం లాభం!

అద్దం వెనక చారి ఇంకో ముద్ద తీసుకుని, ఈసారి కాస్త కోపంగా, ఎనిమిది మడతలూ లాగాడు. కొత్త గిన్నెలు వచ్చాయి.

"సార్, మీకు దండం పెడ్త," అన్నాడు చారి. "షురూ చేయుండ్రి."

యెషయా గారు తల వంచారు.

"మల్ల ఏందండీ? ప్రార్థన అయిపోయె గదా," అన్నారు డోరా గారు.

"అది ఆ గిన్నెలకండి. ఇవి వేరు."

 డోరా గారు చేతిగడియారం బల్ల మీద పెట్టి, "మూడే నిమిషాలు. చెప్తున్న," అని కళ్ళు మూసుకున్నారు. చారి కూడా మూసుకున్నాడు. వాళ్ళ ఇంట్లో ఈ ఆచారం లేదు గానీ, తన నూడుల్స్ కోసం ఎవరికైనా మొక్కేలా ఉన్నాడు.

యెషయా గారికి రైతులు గుర్తు రాలేదు. ప్రభుత్వమూ గుర్తు రాలేదు. గుర్తొచ్చిందల్లా తాళం తీసిన ఇల్లు.

"తండ్రీ, ఈ నూడుల్సును దీవించుము. డోరా గారిని నర్సాపురము పోనీయకుము. ఆమెను నాకు భార్యగా ఇమ్ము. ఆమె లేకపోతే నేను పరేషాన్ అవుతాను. యేసు నామమున అడుగుచున్నాను."

అంతే. పావు నిమిషం కూడా పట్టలేదు. ఆమేన్ మాత్రం ఆయన అనలేదు. అది ఆవిడ అనాలి.

ఆవిడ అనలేదు.

ఆమేన్ వినకుండా కళ్ళు తెరవడం యెషయా గారి వల్ల కాదు. పుట్టి బుద్ధెరిగాక తెరిచింది లేదు. కాబట్టి ఆవిడ ముఖంలో ఏముందో ఆయనకు తెలియదు. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. బల్ల మీద గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఇంతలో పట్టాల మీద ఒక గూడ్సు బండి వచ్చింది. ఏం చేయాలో తోచక ఆయన చక్రాల చప్పుడును బట్టి వ్యాగన్లు లెక్కపెట్టారు. ముప్పై. నలభై. యాభై ఎనిమిది. ఆఖరున గార్డు పెట్టె తేలిగ్గా టకటకమంటూ వెళ్ళిపోయింది. బండి పూర్తిగా పోయింది. అయినా ఆమేన్ లేదు. మూడు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. సంఘం ఎదుట తనను అన్నేళ్ళు గబగబా ఆపేసిన గొంతు, ఇప్పుడొక్కసారి ఆపమంటే ఆపడం లేదు. ఆయన తప్పు చేశాననుకున్నారు. ఆవిడ లేచి వెళ్ళిపోయి ఉంటారనీ, తానూ చారీ ఇద్దరే కళ్ళు మూసుకుని కూర్చున్నామనీ అనుకున్నారు.

"ఆమేన్," అన్నారు డోరా గారు.

ఎప్పటి కేక కాదు. ఎదురుగా ఉన్న మనిషికి మాత్రం వినిపించేలా అన్నారు.

యెషయా గారు కళ్ళు తెరిచారు. ఆవిడ అక్కడే ఉన్నారు. కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంటున్నారు. గిన్నెల్లో నూడుల్స్ మళ్ళీ ఉబ్బిపోయాయి. ఈసారి ఇంకా ఎక్కువ.

చారి గిన్నెల్ని చూశాడు, యెషయా గారిని చూశాడు, తర్వాత డోరా గారి వైపు తిరిగాడు.

"సార్ జల్దీనే చేసిండు గదమ్మా. ఈసారి మీరా?"

"ఔ, నేనే," అన్నారు డోరా గారు. కళ్ళద్దాలు పెట్టుకున్నారు గానీ అవి మళ్ళీ మసకబారాయి. ఆవిడ చెబుతున్నది చారికి కాదు. "ముప్పై ఎనిమిది ఏండ్లు ఊర్లకూర్లకు కాల్స్ కలిపిన. నా పేరు మీద ఒక్క కాల్ రాలె. ఇయ్యాల వచ్చింది. మూడు నిమిషాలకే కట్ చేస్తనా? పొడిగించుకున్న."

యెషయా గారికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

చారి మూడోసారి లాగి తెస్తానని గిన్నెల మీద చెయ్యి వేశాడు. డోరా గారు అతని చెయ్యి పక్కకు తోసి ఫోర్కు అందుకున్నారు.

"వద్దు. ఇవే తింటం. మీరు సుత తినుండ్రి, యెషయా గారు."

తిన్నారు. ముద్ద ముద్దగా, ఎక్కడికక్కడ తెగిపోతూ ఉంది. చాలా బాగుందన్నారు యెషయా గారు. ఆ మాట విని చారి మొహం మాడ్చుకుని లోపలికి వెళ్ళిపోయాడు.